తండ్రి బీరువాలు, కొడుకు టోపీ

మహబూబ్‌నగర్ వాసులను ‘మీ జిల్లాకు ఆ పేరెలా వచ్చింది?’ అని అడిగితే చదువుకున్నవారు వెంటనే చెబుతారు, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద వచ్చిందని. 1890లో ఆ పేరు పెట్టక ముందు ఆ ఊరిని పాలమూరు అనేవారు, రుక్మమ్మపేట అని కూడా అనేవారు. పల్లెల్లో నేటికీ పాలమూరే. అయితే పేరిచ్చిన ఆ నవాబు ఎలాంటివాడు, ఎలా బతికాడు అని అడిగితే జవాబులు నాలుగు దారులు పడతాయి. ఒకరు పాముకాటు సంగతి ఎత్తుకుంటారు. ఒకరు వజ్రం సంగతి చెబుతారు. ఇంకొకరు మూసీ వరదను తలచుకుంటారు. నాలుగోవారు ‘తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాడట’ అని నవ్వుతారు.

ఆ నాలుగో మాటకు సాక్ష్యం ఇప్పటికీ కళ్లెదుట నిలబడి ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో, దారుషిఫాకు దగ్గరగా పురానీ హవేలీ అనే పాత రాజభవనం ఉంది. దాని ఒక భాగంలో నిజాం మ్యూజియం ఉంది. గోల్కొండలాగా కాళ్లు నొప్పి పుట్టించే కోట కాదిది. సాలార్‌జంగ్ మ్యూజియంలాగా ఒక రోజులో ఈదలేని సముద్రమూ కాదు. నిదానంగా చూసినా గంటన్నరలో ముగిసే పొడుగాటి హాలు. అందులో ఉన్నది ప్రధానంగా రెండు తరాల సొత్తు. ఒకటి తండ్రి బట్టలు దాచుకున్న బీరువాలు. రెండోది కొడుకు పాతికేళ్ల పాలనకు వచ్చిన కానుకలు.

మేము గత చలికాలంలో మా దగ్గర చదువుకునే పిల్లలను, వారి ఇళ్లవాళ్లను కొందరిని వెంటబెట్టుకుని వెళ్లి చూసి వచ్చాం. మన ప్రాంతపు కుటుంబాలు హైదరాబాద్ వెళితే చార్మినార్, మక్కా మసీదు, లాడ్‌బజార్ గాజులు చూసుకుని తిరుగుబండి ఎక్కుతాయి. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఈ హవేలీ వైపు తొంగి చూసేవారు తక్కువ. మహబూబ్‌నగర్‌లో రైలెక్కితే కాచిగూడలో దిగుతాం. ఆ స్టేషను 1916 నాటిది. నమూనా గీసినవాడు విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయుడు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ కూడా ఆయన చేతి పనే. పిల్లలకు ఈ ముక్క స్టేషను మెట్ల మీదే చెప్పి ఉంచాం, లోపల పనికొస్తుందని. ఇంకొక మాట. మ్యూజియంకు శుక్రవారం సెలవు. జుమా నమాజు మక్కా మసీదులో చదువుకుని అటునుంచి అటే చూసి వద్దామనుకునేవారు ఇది గుర్తుంచుకుని బయల్దేరాలి.

పేరులోనే పాతది

పురానీ హవేలీ అంటే పాత ఇల్లు. కట్టినప్పుడు ఏ ఇల్లూ పాతది కాదు కదా అని ఒక పిల్లవాడు అడిగాడు, సబబే. ఈ స్థలం మొదట రుక్నుద్దౌలా అనే దివానుది. రెండో నిజాం అలీఖాన్ దీన్ని తీసుకుని తన కుమారుడు సికందర్ జా కోసం సిద్ధం చేయించారు. సికందర్ జా ఇక్కడ కొంతకాలం ఉండి, తర్వాత చార్మినార్ పక్కనున్న ఖిల్వత్‌కు మకాం మార్చారు. అప్పటినుంచి ఇది ‘పాత హవేలీ’ అయింది. నడుమ అడ్డంగా నివాస భవనం, దానికి రెండు వైపులా ఒకదానికొకటి ఎదురుగా సాగిపోయే రెండు పొడవాటి కట్టడాలు, ఇదీ దీని రూపం. కిటికీలు, తలుపులు, స్తంభాలు యూరపు తీరులో ఉంటాయి. లోపలి చావళ్లు, ఖాళీ స్థలాలు మాత్రం మన పద్ధతే.

ఆరో నిజాంకు ఈ ఇల్లంటే ఇష్టం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886లో పుట్టింది ఇక్కడే. అందుకే తండ్రి బీరువాల పక్కన కొడుకు కానుకలు చేరడంలో అర్థముంది. కొడుకు పెద్దయ్యాక కింగ్‌కోఠీకి వెళ్లిపోయి, చివరిదాకా అక్కడే ఉన్నారు.

గోడ పొడవునా బీరువాలు

హాల్లో అడుగుపెట్టగానే పిల్లల మాటలు ఆగిపోయాయి. బర్మా టేకుతో చేసిన బీరువాలు వరుసగా, ఒకదాని పక్కన ఒకటి, చూపు ఆనినంత దూరం ఉన్నాయి. వాటి మీద మరో అంతస్తు బీరువాలు. మొత్తం వందకు పైగానే. రెండు రైలు డబ్బాలను ఒకదాని వెనక ఒకటి తెచ్చి పెట్టినా ఇంకా చోటు మిగిలే పొడవు. ప్రపంచంలోకెల్లా పెద్ద దుస్తుల బీరువా ఇదేనని అంటారు. ప్రపంచంలోని బీరువాలన్నీ ఎవరూ కొలిచి రాలేదు గానీ, ఒక మనిషి ఒంటికి ఇంతకు మించి అవసరపడి ఉంటుందని మాత్రం అనిపించదు.

పై అంతస్తుకు చేరడానికి ఒక చెక్క లిఫ్టు ఉంది. కరెంటు లేదు, యంత్రం లేదు. చేత్తో తిప్పితే కదిలేది. దాన్ని చూసి మా వెంట వచ్చిన ఒక పిల్లవాడు, ‘మౌల్సాబ్, మా అబ్బా పనిచేసే బిల్డింగు కాడ ఇసుక పైకి లాగే గిలక లెక్కనే ఉంది’ అన్నాడు. వాడి తండ్రి మేస్త్రీ పనికి ఏడాదిలో సగం రోజులు ఊరు విడిచి ఉంటాడు. పాలమూరు లేబరు అన్న మాట తెలియని కాంట్రాక్టరు దేశంలో ఉండడు. ప్రాజెక్టులు కట్టినా, బొంబాయిలో మేడలు లేపినా ఆ చేతులుంటాయి. హాల్లో బీరువాల గురించి రాసి పెట్టారు, యజమాని గురించి రాసి పెట్టారు. లిఫ్టు తిప్పినవాని పేరు ఎక్కడా లేదు. ఆ పిల్లవాడు లిఫ్టు ముందు నుంచి కదలలేదు. మేమూ తొందరపెట్టలేదు.

ఇక ఆ మాట సంగతి. తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదన్నది నిజమా? పిల్లలను లెక్క కట్టమన్నాం. మహబూబ్ అలీఖాన్ 1884లో స్వయంగా అధికారం చేపట్టి 1911లో కన్నుమూశారు. ఇరవై ఏడేళ్లు. రోజుకొక జత చొప్పున పదివేలకు కొంచెం తక్కువ. దర్బారుకు ఒకటి, వేటకు ఒకటి, రాత్రికి ఒకటి అని లెక్క వేస్తే మూడింతలు. అన్ని బట్టలు ఈ బీరువాల్లో కూడా పట్టవు. అంటే తొడిగినవి ఎప్పటికప్పుడు బయటికి పోతూ ఉండాలి, లేదా జనం మాటను కొంచెం సాగదీసి ఉండాలి. మాకు రెండోదే నిజమనిపిస్తుంది. నవాబుల గురించి చెప్పుకునే మాటలు నోరు మారినకొద్దీ లావెక్కుతాయి. అయినా సగానికి సగం తగ్గించినా ఈ బీరువాలు ఉన్నాయి కదా.

అద్దాల వెనక నేడు కనిపించే దుస్తులు కొద్దివే. బీరువాల సంఖ్యతో పోల్చుకుంటే చాలా కొద్ది. బట్టకు ఆయుష్షు తక్కువ, టేకుకు ఎక్కువ. ఆనాడు నిజాం రాజ్యంలో ఎలాంటి బట్ట నేసేవారో తెలిస్తే ఈ ఖాళీ బీరువాలు కొంత నిండుతాయి. ఔరంగాబాద్ హిమ్రూకు పేరు. నూలు, పట్టు కలిపి పువ్వులు తేల్చి నేసేవారు, షేర్వానీలకు వాడేవారు. మష్రూ అని ఇంకొకటి ఉండేది. పైకి పట్టు మెరుపు, ఒంటికి తగిలే వైపు నూలు. మగవారికి పట్టు ధరించడం షరియత్‌లో తగదు గనుక, పట్టు ఒంటికి తగలకుండా నేసిన ఆ గుడ్డకు ‘షరియత్ ఒప్పినది’ అనే అర్థంలో మష్రూ అని పేరు వచ్చింది. నేతగాని తెలివి ఎంత దూరం పోయిందో చూడండి. మన వైపు చూస్తే నారాయణపేట, గద్వాల చీరలు, నల్లగొండ జిల్లా పుట్టపాక తేలియా రుమాళ్లు. ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకు వెళ్లి అక్కడివారి తలల మీద కూర్చున్నాయి. ఇప్పుడు పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది, మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి.

మా బృందంలో ఒక పెద్దమ్మ ఉన్నారు, పిల్లలంతా ఆమెను నానీ అంటారు. ఆమె బీరువాల వరుస చివరిదాకా నడిచి వచ్చి, ‘ఇన్ని బట్టలు ఉతికిందెవరు బేటా?’ అని అడిగారు. మేము మదర్సాలో ఇస్రాఫ్ గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పాం. మంచి బట్ట కట్టడం తప్పని మన దీన్ ఎక్కడా చెప్పదు, హద్దు దాటడాన్నే తప్పంటుంది. ఆ హద్దు ఎక్కడుందో పుస్తకంలో చూపించడం కష్టం. ఈ హాల్లో అలా నడుచుకుంటూ పోతే ఎన్నో బీరువా దగ్గరో మనకే తగులుతుంది. నానీకి మూడో బీరువా దగ్గరే తగిలిందట.

ప్రేమించిన జనం

ఇంత చెప్పాక మహబూబ్ అలీఖాన్ మీద పిల్లలకు చిన్నచూపు కలుగుతుందేమోనని మాకు అనిపించింది. అది న్యాయం కాదు. ఆయన 1866లో పుట్టారు. తండ్రి చనిపోయినప్పుడు ఇంకా మూడేళ్లు నిండలేదు. ఆ పసివాణ్ని గద్దెమీద కూర్చోబెట్టి మొదటి సాలార్‌జంగ్ రాజ్యం నడిపారు. ధాత కరువు వచ్చినప్పుడు ఆయన పదేళ్ల బాలుడు. అమ్మ ఒడిలో ఉండాల్సిన వయసులో దర్బారు దుస్తులు తొడిగించుకున్నవాడికి బట్టల మీద అంత మమకారం ఎందుకు పెరిగిందో ఊహించడం కష్టం కాదు.

జనం ఆయన్ను నిజంగా ప్రేమించారు. ఆయన పేరు చెబితే పాము విషం దిగుతుందని నమ్మేవారు. అర్ధరాత్రి వచ్చినా కాదనవద్దని ఆయన తన మనుషులకు చెప్పి ఉంచారని పెద్దలు చెప్పుకునేవారు. విషం దించేది అల్లాహ్ అనుమతి, ఆపైన ఆసుపత్రిలోని మందు. పాము కరిస్తే సూది వేయించుకోండని పిల్లలకు అక్కడే గట్టిగా చెప్పాం. కానీ ఒక రాజు పేరును జనం విషానికి విరుగుడుగా తలచుకున్నారంటే, భయంతో తలచుకునే పేరు కాదది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాకా కొట్టుకుపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ వైపు ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికి బయటపడ్డారు. నిజాం తన భవనాల తలుపులు ఇళ్లు పోయినవారికి తెరిపించారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఉపాయం అడిగారు. ఆ ఉపాయమే ఆయన తదనంతరం కొడుకు కాలంలో ఉస్మాన్‌సాగర్‌గా, హిమాయత్‌సాగర్‌గా నిలిచింది. మహబూబ్ అలీఖాన్ 1911లో నలభై అయిదేళ్లకే ఫలక్‌నుమాలో కన్నుమూశారు. మక్కా మసీదు ఆవరణలో, తన పూర్వీకుల వరుసలో ఉన్నారు.

వజ్రం మాట కూడా చెప్పి ముందుకు పోదాం. జాకబ్ అనే వర్తకుడు తెచ్చిన పెద్ద వజ్రాన్ని ఆయన 1891లో కొనబోయారు. బేరం చెడి కలకత్తా కోర్టు దాకా పోయింది. చివరికి వజ్రం వచ్చింది గానీ ఆయన మనసు దానిమీద విరిగిపోయింది. తండ్రి పోయిన కొన్నాళ్లకు కొడుక్కు అది ఒక పాత చెప్పు ముందు భాగంలో దొరికిందని, ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నారని చెబుతారు. 184 క్యారెట్లకు పైబడిన ఆ వజ్రంతో సహా నిజాం నగలను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఇన్ని బీరువాలు చేయించుకున్నవాడు వజ్రాన్ని చెప్పులో పెట్టడం విచిత్రమే.

కొడుకు కానుకలు

తండ్రి అలాగైతే కొడుకు ఇంకో చివర. ఉస్మాన్ అలీఖాన్ పొదుపు గురించి మన ఇళ్లలో చెప్పుకోని కథ లేదు. అదే రూమీ టోపీ ఏళ్ల తరబడి, చెమట మరక పట్టినా సరే. అదే షేర్వానీ, అదే చేతికర్ర. అమెరికా పత్రిక టైమ్ 1937 ఫిబ్రవరిలో ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి లోకంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ నెలలోనే హైదరాబాద్‌లో ఆయన రజతోత్సవం జరిగింది. పాతికేళ్లు 1936కే నిండాయి గానీ, బ్రిటన్ రాజు అయిదో జార్జి మరణంతో ఉత్సవం ఏడాది వెనక్కి పోయింది. అప్పుడు వచ్చిన కానుకలే ఈ మ్యూజియంకు ఆధారం. వాటన్నిటినీ ఒకచోట చేర్చి 2000 ఫిబ్రవరిలో జనానికి తలుపులు తెరిచారు.

బంగారు పూత పూసిన సింహాసనం ఉంది. రజతోత్సవానికి దానిమీదే కూర్చున్నారు. వెండి బరిణెలు ఉన్నాయి, వాటిలో సిపాస్‌నామాలు. సిపాస్‌నామా అంటే ప్రజల తరఫున చదివి సమర్పించే ప్రశంసాపత్రం. ఉర్దూ రాత మాత్రం కళ్లకద్దుకోవాలనిపించేంత అందం. పిల్లలకు కొన్ని పంక్తులు చదివి వినిపించాం. మా దగ్గర నస్తాలీఖ్ దిద్దుకునే ఇద్దరు అమ్మాయిలు గాజుకు ముక్కులు ఆనించి అక్షరాల వంపులు చూస్తూ ఉండిపోయారు. అర్థం వారికి పట్టలేదు, పట్టాల్సిన అవసరమూ లేదు. రాజును పొగిడే మాటలు ఏ భాషలోనైనా ఒకటే.

అందరినీ ఆకట్టుకునేవి వెండి కట్టడాలు. నగరంలోని పేరున్న భవనాలకు వెండితో చిన్న చిన్న నమూనాలు చేయించి ఇచ్చారు. గుమ్మటం, కమాను, మెట్టు, కిటికీ అన్నీ ఉంటాయి. రాజు ప్రజల సొమ్ముతో ప్రజలకు కట్టించిన ఆసుపత్రులు, కోర్టులు, కాలేజీలను ప్రజలు మళ్లీ వెండి బొమ్మలుగా చేసి రాజుకే ఇచ్చారు. కాచిగూడ మెట్ల మీద చెప్పిన విన్సెంట్ ఎష్ పేరు ఇక్కడ పిల్లలే గుర్తుచేశారు. మా లెక్కలో మొత్తం హాల్లో ఎక్కువ సేపు నిలబడి చూడదగినవి ఇవే. తండ్రి హాలు ఒక్క ఒంటి కోసం, కొడుకు బొమ్మలు ఊరి కోసం.

అలాగని కొడుకును ఆకాశానికెత్తడం కూడా మాకు ఇష్టం లేదు. సిపాస్‌నామాల్లో వెట్టి మాట ఉండదు. ఆ రజతోత్సవం నాటికి నల్లగొండ జిల్లా పల్లెల్లో దేశ్‌ముఖుల గడీలకు చాకలి, మంగలి, కుమ్మరి, రైతు అంతా వెట్టి చేస్తున్నారు. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు, తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖు మీద కోర్టుకెక్కి గెలిచి, 1940ల తొలినాళ్లలో హత్యకు గురయ్యాడు. ఆ ఊళ్లో ఆయన సమాధి దగ్గర నేటికీ జనం చేరతారు. నిజాం కూడా ముస్లిమే, బందగీ కూడా ముస్లిమే. పిల్లలకు ఒకరి కథ చెప్పి రెండోవారిది దాచిపెడితే అది చరిత్ర పాఠం కాదు. ఆరేడు తరగతుల పిల్లలకు ఇది అర్థమవుతుంది, మనమే అనవసరంగా సందేహిస్తాం.

కానుకల మాట వచ్చింది గనుక ఇంకొకటి. వనపర్తి సంస్థానం రాజు మొదటి రామేశ్వరరావు 19వ శతాబ్దంలో ఆఫ్రికా వారితో ఒక గుర్రపు దళాన్ని పోషించారు. ఆయన తర్వాత ఆ దళం నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరు దాని నుంచి వచ్చిందే, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వారి సంతానం నేటికీ ఆ బస్తీలో ఉంది, మర్ఫా వాయిద్యానికి పేరుపొందినవారు. గాజు అల్మరాలో పెట్టడానికి వీలుకాని కానుక అది, మనుషులే కానుక. మన వనపర్తి వైపు పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

సొమ్ము సంగతిలో మనవాళ్లు ఒక మాట తరచు అంటారు, ఏడో నిజాం 1965లో దేశ రక్షణకు అయిదు టన్నుల బంగారం దానం చేశారని. మేమూ ఎన్నో సభల్లో విన్నాం. వాస్తవం అంతకన్నా చిన్నది, అయినా చిన్నదేం కాదు. ఆయన ఆ ఏడాది జాతీయ రక్షణ బంగారు బాండ్లలో 425 కిలోల బంగారం పెట్టారు. ఆరున్నర శాతం వడ్డీ మీద. దానం కాదు, పెట్టుబడి. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన ఏడాదిలో, దేశానికి బంగారం అవసరమైనప్పుడు నాలుగు క్వింటాళ్లకు పైగా ఇల్లు దాటించడం గొప్పే. దాన్ని అయిదు వేల కిలోలు చేయడం వల్ల ఆయన గౌరవం పెరగదు. రేపు ఎవరో కాగితం తీసి చూపిస్తే, చెప్పినవాడితోపాటు మన పిల్లవాడు తల దించుకుంటాడు.

దొంగలు పడిన రాత్రి

2018 సెప్టెంబర్ మొదట్లో ఈ హాల్లో దొంగలు పడ్డారు. గోడకు పైనున్న వెంటిలేటరు గుండా తాడుతో దిగి, వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, దానితోపాటు బంగారు కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. మూడు గిన్నెల డబ్బా అది. మన ఇళ్లలో స్టీలుది ఎలా ఉంటుందో అలాగే, అవి మాత్రం బంగారువి. వారం తిరిగేసరికి పోలీసులు ఇద్దరిని పట్టుకున్నారు. బొంబాయి దాకా తీసుకెళ్లినా కొనేవాడు దొరకలేదట. దొంగల్లో ఒకడు ఆ డబ్బాలో రోజూ అన్నం పెట్టుకుని తిన్నాడని అప్పట్లో పత్రికలు రాశాయి. ఉస్మాన్ అలీఖాన్ రేకు పళ్లెంలో తినేవారని చెప్పుకుంటారు. ఆయన పొదుపు చూస్తే ఆ డబ్బాలో తిన్న మనిషి ఆ దొంగ ఒక్కడేనేమో. ఈ సంగతి చెప్పగానే పిల్లలు హాలంతా ప్రతిధ్వనించేలా నవ్వారు, కాపలా అతను వెనక్కి తిరిగి చూశాడు.

బయటికి వచ్చాక హవేలీని చుట్టి చూశాం. బీరువాల హాలుకు ఇవతల ఈ ఆవరణలో ఇప్పుడు బడి నడుస్తోంది, ముకర్రం జా పేరున్న ట్రస్టు నడిపేది. పక్కనే దుర్రు షెహవార్ పిల్లల ఆసుపత్రి. ఆ యువరాణి చివరి ఉస్మానియా ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కుమార్తె, ఏడో నిజాం పెద్ద కోడలు. ఆమె కుమారుడు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే, మయ్యత్‌ను తెచ్చి మక్కా మసీదులో ముత్తాతల పక్కన ఖననం చేశారు. తాత ఉస్మాన్ అలీఖాన్ మాత్రం కింగ్‌కోఠీ ఎదుట జూదీ మసీదులో, తల్లి పక్కన ఒంటరిగా ఉన్నారు. మేము వెళ్లిన వేళకు ఒక తల్లి చంటిపిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రి మందుల చీటీ చూసుకుంటూ పోతోంది. బడిపిల్లలు గంట కొట్టగానే బయటికి పరుగెత్తారు. ఒకప్పుడు రాజు బట్టలకే చాలని ఇల్లు ఇంతమందికి సరిపోతోంది.

అక్కడినుంచి మూసీ దాటి ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లాం. పాత భవనం గుమ్మటాలు దూరం నుంచి ఇప్పటికీ అందంగానే కనిపిస్తాయి. దగ్గరికి వెళితే పెచ్చులూడిన గోడలు, మొలిచిన రావి మొక్కలు. 2020 జూలైలో వాన నీరు వార్డుల్లోకి రావడంతో ఆ భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ‘వెండి బొమ్మను రోజూ తుడుస్తున్నారు, దీన్నెందుకు తుడవరు?’ అని ఒక అమ్మాయి అడిగింది. మాతోపాటు వచ్చిన తండ్రుల్లో ఒకరు, మేస్త్రీయే, గోడను తట్టి చూసి, సున్నం ఇంకా గట్టిగానే ఉంది, నీళ్లు పోయే దారులు బాగుచేస్తే చాలా ఏళ్లు నిలబడుతుందని అన్నారు. కట్టేవాడి మాట గనుక మేము విన్నాం.

ఆవరణలో ఆ చింతచెట్టు ఉంది, 1908లో నూట యాభై మందిని మోసినది. రైలు సాయంత్రానికి. చెట్టు నీడలో కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు తిని, కాచిగూడకు ఆటోలు మాట్లాడుకున్నాం.